మూడో గడి

సెప్టెంబర్ 14, 2011, బుధవారం

తెలంగాణ కోసం సమ్మె మొదలై రెండో రోజు. అమ్మ పొద్దున్నే రెండు నెలలకి సరిపడా ఉప్పూ పప్పూ తెప్పించి పెట్టుకుంది. మోసుకొచ్చింది ఎవరయ్యా అంటే కిందింటి బాలరాజ్, అదీ మెడలో జై తెలంగాణ కండువాతో. అమ్మకి ఇందులో విడ్డూరమేమీ కనిపించలేదు. బస్తా దింపించుకుని కాఫీ ఇచ్చి పంపింది.

తెనాలి నుంచి వచ్చి ఇరవై రెండేళ్లు. ఈ ఇంట్లో అద్దెకి దిగి పన్నెండేళ్లు. అప్పుడు బాలరాజ్ ఏడో తరగతి. ఇప్పుడు నేను పాథాలజీ డాక్టరుగా పనిచేసే ల్యాబ్‌లోనే టెక్నీషియన్, నేనే చెప్పి పెట్టించాను. ల్యాబ్‌లో నన్ను మేడం అంటాడు, ఇంట్లో అక్కా అంటాడు. ఎల్బీ నగర్ చౌరస్తా దాటగానే పిలుపు మారుతుందని మా ఇద్దరికీ ఒక వేళాకోళం.

సాయంత్రం మెట్ల దగ్గర వాళ్లమ్మ సాయమ్మ పెద్దమ్మ నన్ను ఆపి మెడ చూపించింది. గడ్డ, నిమ్మకాయంత ఉంది. ఎప్పటినుంచి అంటే బోనాలప్పటి సంది అంది. రెండు నెలలు. ఇంటి మీద డాక్టర్ని పెట్టుకుని ఒక్క మాట చెప్పలేదేమని కేకలేశాను.

"నువ్వు ముక్కల డాక్టరువి గదనే బిడ్డా. మనుషుల డాక్టరువా?" అని నవ్వింది.

ఆవిడ నవ్వుకి నాకు కోపం ఆగదు. రేపే సర్జన్ దగ్గరికి తీసుకెళ్లమని బాలరాజ్‌కి చెప్పాను.

సెప్టెంబర్ 16

సైదాబాద్ నర్సింగ్ హోమ్‌లో గడ్డ తీశారు. మధ్యాహ్నానికల్లా బాలరాజ్ ఆ ముక్క ఉన్న సీసా పట్టుకుని ల్యాబ్‌కి వచ్చాడు. మందు ఘాటుగా కలిపినట్టుంది, కళ్లు మండాయి. ముక్క చెడకుండా పోసే ఫార్మలిన్‌ని ఆ నర్సింగ్ హోమ్ వాళ్లు కొలత లేకుండా పోసి పంపడం కొత్త కాదు.

మెడ గడ్డంటే మన దేశంలో టీబీయే. నూటికి తొంభై. ఆరు నెలలు మాత్రలు మింగితే పోతుంది. పెద్దమ్మతో అదే అన్నాను.

సెప్టెంబర్ 17

చిరాకుగా ఉంది.

పదకొండింటికి బాలరాజ్ కండువా వేసుకుని బయల్దేరాడు. ఈరోజు పదిహేడు, ఇక్కడ రాజరికం పోయిన రోజని సమ్మె టెంటు దగ్గర జెండా ఎగరేస్తారట. ఆ తర్వాత అక్కడే కూర్చుంటాడట, ఎన్నాళ్లో తెలియదట. ల్యాబ్‌లో ఉన్న టెక్నీషియన్ ఒక్కడు. ఉద్యోగం చేస్తావో ఉద్యమం చేస్తావో తేల్చుకో అన్నాను. ప్రాస కుదిరిందని కూడా అనుకున్నాను, సిగ్గు లేకుండా.

"రెండూ నాయే మేడం. మీకైతే ఒకటే," అన్నాడు.

ఆ 'మీకు'లో నేనొక్కదాన్నే లేను. మా నాన్న, అమ్మ, నాన్న షాపు, తెనాలి మొత్తం ఉంది. పన్నెండేళ్లుగా మా ఇంట్లో దిబ్బరొట్టె తిన్న మనిషి ఆ మాట అన్నాడు.

తలుపు దగ్గర ఆగి, అమ్మ ముక్క మీరే కోసి మిషన్‌లో పెట్టండి అన్నాడు. నేను సరే అనలేదు. కాదనీ అనలేదు. కంప్యూటర్ వైపు తిరిగి కూర్చున్నాను. అతను వెళ్లిపోయాడు.

సెప్టెంబర్ 19

ఈరోజు నుంచి బస్సులు కూడా లేవు. చౌరస్తా బోసిపోయింది. ఊళ్ల నుంచి వచ్చిన జనం బస్సుల్లేక లగేజీల మీదే కూర్చుని ఉన్నారు.

సీసా అలమరలో ఉంది. ఫార్మలిన్‌లో ఉన్న ముక్క ఎక్కడికీ పోదు. కోయడం నాకు రాక కాదు. పక్కన నిలబడి అందించడం, ముక్కని మైనానికి సిద్ధం చేసే మిషన్‌లోకి ఎక్కించడం అతని పని. అతనే రావాలి.

సెప్టెంబర్ 21

మెట్లమీద పెద్దమ్మ. "నా ముక్క ఏమన్నదే?"

సమ్మె కదా పెద్దమ్మా అన్నాను.

సెప్టెంబర్ 23

రెండు థైరాయిడ్‌లు, ఒక గర్భసంచి వచ్చాయి. నేనే కోశాను, నేనే మిషన్‌లో పెట్టాను, మైనంలో బ్లాకులు కూడా నేనే పోశాను. చేతులు కాల్చుకున్నాను గానీ పని ఆగలేదు. బాలరాజ్ లేకపోతే ఇక్కడ ఏమీ నడవదని ఎవరూ అనుకోకూడదు.

పెద్దమ్మ సీసా మాత్రం అతని కోసం ఉంచాను. వాళ్లమ్మది కదా, అతనే చేసుకుంటాడు.

సెప్టెంబర్ 24

ఆటోలు కూడా బంద్. నాన్న షాపు మూసి వారం. స్టీలు సామాన్ల షాపువాడికి దసరా ముందు రోజులంటే ఏమిటో ఎవరికి చెప్పుకోవాలి అంటాడు. ఎవరికీ చెప్పుకోడు. టీవీ ముందు కూర్చుని చానళ్లు మారుస్తాడు.

పెద్దమ్మ మళ్లీ అడిగింది. మళ్లీ అదే చెప్పాను. ఈ మాట ఎంత సుళువో. పాలు రాకపోతే సమ్మె. పనిమనిషి రాకపోతే సమ్మె. సంబంధం వాళ్లు ఫోన్ చేయకపోయినా అమ్మ సమ్మె అనే అనుకుంటోంది. అది మాత్రం నాకు లాభమే.

సెప్టెంబర్ 27

బాలరాజ్ వచ్చాడు. మూడు రోజులు పోలీస్ స్టేషన్‌లో ఉంచారట, గడ్డం పెరిగింది, కళ్లు లోపలికి పోయాయి. నేను ఏమీ అడగలేదు. అలమర తెరిచి సీసా చూశాడు. మూత మీద తేదీ చూశాడు. తర్వాత నన్ను చూశాడు.

చేతికి గ్లవ్స్ వేసుకుని ట్రే తెచ్చి నా ముందు పెట్టాడు. కోశాను. ముక్క బాగా గట్టిపడింది.

సెప్టెంబర్ 29

టీబీ కాదు.

సెప్టెంబర్ 29, సాయంత్రం

లెన్సు కింద పెద్ద పెద్ద కణాలు, ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. కొన్నిటికి రెండేసి కేంద్రకాలు. క్యాన్సరే, సందేహం లేదు. ఏ జాతి క్యాన్సరన్నదే తెలియడం లేదు. ముఖం చూసి ఊరు చెప్పలేనంతగా చెడిపోయిన కణాలు. అది లింఫోమా, అంటే మెడలో ఆ గ్రంథిలోనే పుట్టిన క్యాన్సర్ అయితే మందులకి లొంగుతుంది. పెద్దమ్మ వయసుకి కూడా నయమయ్యే ఆశ ఉంది. ఇంకెక్కడో పుట్టి మెడకి పాకిన కార్సినోమా అయితే చేయడానికి పెద్దగా ఏమీ ఉండదు.

బాలరాజ్ పక్కనే నిలబడి నా ముఖం చూస్తున్నాడు. స్లైడు చదివేటప్పుడు మనిషి ముఖం ఎలా ఉంటుందో మూడేళ్లుగా చూస్తున్నవాడు. అబద్ధం చెప్పే వీలు లేదు. కణం ఏ జాతిదో పట్టే మార్కర్లు వేసి చూద్దాం అన్నాను. మా దగ్గర ఉన్నవే మూడు.

అక్టోబర్ 1

ప్రాణం ఒకచోట నిలవడం లేదు.

మూడు స్లైడులూ వచ్చాయి. మార్కరు పడితే కణం గోధుమరంగుకి తిరుగుతుంది, పడకపోతే నీలంగానే ఉంటుంది. లింఫోమాని పట్టే ఎల్‌సీఏ: ఎక్కడా గోధుమ లేదు, స్లైడంతా నీలం. మెలనోమా అనే చర్మం క్యాన్సర్‌ని పట్టే ఎస్-100: అదీ లేదు. కార్సినోమాని పట్టే కెరటిన్: ముక్క అంచు వెంబడి కొంచెం గోధుమ. కొంచెమే. కానీ ఉంది.

మొన్న నాన్నకి మార్కర్ల సైటు చూపించాను, టీవీ ముందునుంచి లేపడానికి. విదేశీ సైటు. ఎడమవైపు మార్కర్ల పేర్లు, ఒక్కోదాని ఎదురుగా మూడు గడులు: ప్లస్, మైనస్, చేయలేదు. మనం టిక్కులు పెడితే, అప్పటిదాకా అచ్చయిన కేసులన్నీ లెక్కగట్టి ఫలానా ట్యూమర్ కావచ్చని వరసగా చూపిస్తుంది. నాన్న అంతా విని, మన సంబంధాల సైటు లాంటిదే కదా అన్నాడు. గోత్రం, ఎత్తు, జీతం పెడితే పెళ్లికొడుకులు వరసలో వచ్చినట్టు. ఆరోజు నవ్వుకున్నాం.

ఈరోజు టిక్కులు పెట్టాను. ఎల్‌సీఏ మైనస్. ఎస్-100 మైనస్. కెరటిన్ ప్లస్. కార్సినోమా అన్నిటికంటే పైన నిలబడింది. లింఫోమా కోసం కింది దాకా వెతుక్కోవాల్సి వచ్చింది.

ఎల్‌సీఏ మైనస్ తీసేసి 'చేయలేదు'లో పెట్టి చూశాను. లింఫోమా పైకి వచ్చింది. ఎందుకలా చేశానో నాకే తెలియదు. చేశాను కదా, రంగు రాలేదు కదా, చేయలేదని ఎలా పెడతాను. మళ్లీ మైనస్ పెట్టాను. లింఫోమా మళ్లీ కిందికి పోయింది. ఇలా ఎన్నిసార్లు తిప్పానో. ఇష్టమైన మనిషి ముక్క చదవకూడదని ఇందుకే అంటారు కాబోలు.

అక్టోబర్ 3

రిపోర్టు వెళ్లిపోయింది. ల్యాబ్ యజమాని ప్రసన్నకుమార్ గారు స్లైడు ఒక నిమిషం చూసి, సైటు ఏం చెప్పిందమ్మా అని అడిగి సంతకం పెట్టారు.

సర్జన్ బాలరాజ్‌ని పక్కకి పిలిచి, ఇంటికి తీసుకెళ్లి అడిగినవి వండి పెట్టండి అన్నాడట. ఆ మాట బాలరాజ్ నాకు చెప్పలేదు. మా అమ్మకి చెప్పాడు, అమ్మ నాకు చెప్పి ఏడ్చింది.

నాకు ఏడుపు రాలేదు. ఇల్లంతా తిరిగాను. ఆరిన బట్టలు మడతపెట్టి, మళ్లీ విప్పి మడతపెట్టాను.

అక్టోబర్ 4

సద్దుల బతుకమ్మ. పెద్దమ్మ వద్దంటే వినలేదు. బాలరాజ్ హయత్‌నగర్ అవతల దాకా సైకిల్ మీద పోయి తంగేడు పూలు తెచ్చాడు. ఆవిడే కూర్చుని పేర్చింది. మెడకి చీర కొంగు చుట్టుకుని అందరితో పాటు ఒంగి లేచి ఆడింది. ఈసారి పాటల్లో అన్నీ ఉద్యమం పాటలే. అమ్మ కూడా వెళ్లి చప్పట్లు కొట్టి వచ్చింది. పాట రాకపోతేనేం, చేతులు ఉన్నాయి కదా అంది.

నేను మేడ మీదే నిలబడ్డాను. ఆట అయ్యాక పెద్దమ్మ సత్తుపిండి ముద్దలు పట్టుకుని పైకి వచ్చింది. నా చేతిలో పెట్టి, పక్కన కూర్చుని అడిగింది.

"మొన్న తలకాయ కూర, నిన్న బోటి. గీయాల ఏం తింటవమ్మా అని పొద్దుగాలే అడుగుతున్నడు. నాకేమైందో నీ నోటితో చెప్పు బిడ్డా. ఇయ్యర మయ్యర చెప్పకు."

చెప్పాను. క్యాన్సర్ అని చెప్పాను, పాకినట్టుంది అని చెప్పాను. 'పాకింది' అనలేదు, 'పాకినట్టుంది' అన్నాను. ఆవిడకి ఆ తేడా అక్కర్లేకపోయింది.

వీధిలోకి చూసింది. ఎవరో ఇంకా పాడుతున్నారు. "వానికి పెండ్లి చెయ్యలె," అని మాత్రం అంది. తర్వాత, సత్తుపిండి తిను, చీమలు పడతయి అంది.

తిన్నాను. ఈ మనిషి లేకపోతే ఈ ఇంట్లో మెట్లెక్కి రావడం ఎలాగో నాకు తెలియదు.

అక్టోబర్ 6, దసరా

నాన్న షాపులో పూజ. సమ్మె అయినా ఆయుధ పూజ మానడానికి లేదన్నాడు. నేనూ వెళ్లాను, స్కూటీ మీద ఇద్దరం. దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద ఇటు చివర నుంచి అటు చివర దాకా షట్టర్లు మూసే ఉన్నాయి. మా షట్టరు మీద ఎవరో 'సమ్మెకు మద్దతుగా' అని కాగితం అంటించారు. దాన్ని చింపకుండా సగం లేపి లోపలికి దూరాం. తక్కెడకి, కత్తెరకి, కొత్త కుక్కర్లకి బొట్లు పెట్టాం.

కొబ్బరికాయ కొడుతుంటే టెంటులో వాళ్లు నలుగురు వచ్చారు. జమ్మి ఆకు నాన్న చేతిలో పెట్టి కావలించుకున్నారు. ఆంధ్రా షాపైనా దినాలకు దినాలు బంద్ పెట్టి మాకు సపోర్ట్ చేసిండ్రు అంకుల్, యాదికుంటది అన్నారు. నాన్న నవ్వుతూ తలూపి ప్రసాదం పెట్టాడు. వాళ్లు వెళ్లాక కుర్చీలో కూలబడ్డాడు.

"మద్దతూ లేదు, గిద్దతూ లేదమ్మా. భయమేసి మూశాను. మూసిన షట్టరు చూసి లోపలివాడి మనసు ఎవరికి తెలుస్తుంది? నన్నొచ్చి అడిగినవాడు ఒక్కడూ లేడు."

అని, కాసేపాగి ఇంకోటి కూడా అన్నాడు. అడిగి ఉంటే ఏం చెప్పేవాడినో నాకూ తెలీదు, తెలంగాణ ఇవ్వాలనే అనేవాడినేమో, ఇక్కడే కదా బతుకు వచ్చింది అన్నాడు. ఆ మాట ఆయన నోట నేను ఎప్పుడూ వినలేదు. ఇంకోరోజైతే కూర్చోబెట్టి అడిగేదాన్నే.

కానీ నా ధ్యాస మొదటి మాట దగ్గరే ఉండిపోయింది. మూసిన షట్టరు. నీలంగా ఉన్న స్లైడు.

తీర్థం కూడా తీసుకోకుండా ల్యాబ్‌కి వెళ్లాను. సెలవు, తాళం నా దగ్గరే ఉంది. ఎల్‌సీఏ స్లైడు పెట్టాను. ఈసారి పెద్ద కణాల్ని చూడలేదు. ముక్క ఒక మూలన ఇంకా మిగిలి ఉన్న చిన్న కణాల్ని చూశాను. అవి మంచి కణాలు, గ్రంథిలో ఎప్పుడూ ఉండేవి, జబ్బు లేనివి. ఎల్‌సీఏ వేస్తే అవి గోధుమరంగు తిరిగి తీరాలి. ఎవరి మెడలోనైనా తిరగాలి.

అవి కూడా నీలంగానే ఉన్నాయి.

అంటే మార్కరు ఆ ముక్కలో దేన్నీ పట్టలేదు. మంచివాటినే పట్టనిది చెడ్డవాటి గురించి ఏం చెబుతుంది? ముందు చిన్న కణాలు చూడు, తర్వాతే పెద్దవాటి జోలికి పో అని పీజీ మొదటి ఏడాదే నేర్పుతారు. నేను నేరుగా సైటు తెరిచాను. కెరటిన్ మళ్లీ చూస్తే ఆ గోధుమ కూడా అంచునే ఉంది, అంచుల్లో ఊరికే రంగు నిలుస్తుంది, అది ఏ లెక్కలోకీ రాదు. దాన్ని ప్లస్ అన్నాను. దీన్ని మైనస్ అన్నాను. ఆ రోజు ఆడుతూ తిప్పినదే సరైన గడి. 'చేయలేదు'.

సంతోషమో భయమో తెలియదు. లింఫోమా అని నేను కోరుకుంటున్నాను కాబట్టి ఇలా కనిపిస్తోందా? స్లైడు తీసి, మళ్లీ పెట్టి చూశాను. నీలమే.

అక్టోబర్ 7

బాలరాజ్‌తో చెప్పాను. చెప్పకుండా చేసే పని కాదు, బ్లాకు నుంచి మళ్లీ సన్నని పొరలుగా సెక్షన్లు కోయాల్సింది అతనే. చిన్న కణాలు కూడా రంగు పట్టలేదు అన్నాను. వెంటనే అర్థమైంది. స్లైడు చూస్తానని కూడా అడగలేదు.

"సీసాల దినాలు ఎక్కువైనయి," అన్నాడు. "గట్టివడ్డ ముక్కల మార్కరు లోపలికి పోదు."

"సమ్మె కదా," అన్నాను నేను.

అతను బ్లాకు తెచ్చి నా ముందు పెట్టాడు.

తర్వాత ఇద్దరం పని మాటలే మాట్లాడుకున్నాం. గట్టిపడిన ముక్కకి మార్కరు పట్టాలంటే స్లైడుల్ని ముందు బాగా ఉడికించాలి. మా మైక్రోవేవ్ ఈ లో వోల్టేజీకి నీళ్లు కూడా మరిగించడం లేదు, పోయినసారి దెబ్బ కొట్టినవాటిలో అదీ ఒకటి. ప్రెషర్ కుక్కర్ కావాలి, గ్యాస్ స్టవ్ కావాలి. కుక్కర్ నాన్న షాపు నుంచి తెస్తానన్నాను. స్టవ్ అతను తెస్తానన్నాడు.

పెద్దమ్మకి ఏమీ చెప్పొద్దనుకున్నాం. ఒకసారి తీసేసుకున్న ఆశని ఇచ్చి మళ్లీ తీసుకోకూడదు.

అక్టోబర్ 8

ముందు కుక్కర్. దసరా బొట్లు ఇంకా దాని మీద ఉన్నాయి. ప్రసన్నకుమార్ గారు చూసి, ల్యాబ్‌లో పప్పు వండుతున్నారా అన్నారు. విషయం చెప్పాక కుర్చీ లాక్కుని అక్కడే కూర్చున్నారు. తన సంతకం కూడా ఉంది కదా.

బాలరాజ్ తెచ్చిన చిన్న సిలిండర్ స్టవ్ పెద్దమ్మదే. టెంటుకాడ చాయ్ పెడతాం అని చెప్పి తెచ్చాడట. పెద్దమ్మ చాయ్‌పత్తీ, చక్కెరా కూడా కట్టి ఇచ్చింది. అవి అక్కడే పొట్లంలో ఉన్నాయి.

పెద్దమ్మ స్లైడుతో పాటు ఎవరిదో పాత టాన్సిల్ ముక్క స్లైడు కూడా పెట్టాం, మార్కరు పనిచేస్తోందో లేదో అది చెబుతుందని. విజిల్ వచ్చాక మంట తగ్గించాడు. అతను గడియారం చూశాడు, నేను అతన్ని చూశాను. దించి, చల్లార్చి, మార్కరు వేసి, కడిగి, రంగు వేసేసరికి మధ్యాహ్నం దాటింది. స్లైడుల మీద పల్చటి అద్దాలు అతికించాం. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. మైక్రోస్కోపులో లైటు లేదు.

ప్రసన్నకుమార్ గారి గదిలో పాతకాలపు మైక్రోస్కోపు ఒకటి ఉంది, కింద అద్దంతో వెలుతురు పట్టేది, అలంకారానికి ఉంచారు. దాన్ని కిటికీ దగ్గరికి మోశాం. ముందు టాన్సిల్ చూశాను. చక్కగా గోధుమ. మార్కరు బాగుంది. ఇక పెద్దమ్మది పెట్టి నేను చూడలేకపోయాను. నా కళ్లకి ఏది కావాలో నాకు తెలుసు, వాటిని నేను నమ్మలేదు. నువ్వు చూడు అన్నాను బాలరాజ్‌తో.

ఒక కన్ను మూసి వంగాడు. అద్దం సర్దాడు. స్లైడుని వేలితో మెల్లగా జరుపుతున్నాడు.

"చిన్నయి ఒచ్చినయి," అన్నాడు.

నేను ఏమీ అడగలేదు. అతను ఇంకా జరుపుతూనే ఉన్నాడు. కింద రోడ్డు మీద ఏదో ఊరేగింపు వెళ్తోంది, డప్పులు.

"పెద్దయి గూడ. పెద్దయి గూడ ఒచ్చినయి అక్కా."

ల్యాబ్‌లో అక్కా అన్నాడు. నేను చూశాను. చిన్నవీ పెద్దవీ, ప్రతి కణం చుట్టూ గోధుమరంగు గీత, ఎవరో పెన్నుతో గీసినంత శుభ్రంగా. ప్రసన్నకుమార్ గారు చూసి, లింఫోమా, సందేహం లేదు అన్నారు. నేను ఆ కిటికీ దగ్గరే కూర్చుని ఏడ్చాను, మూడో తారీఖు నాటిది కూడా కలిపి. బాలరాజ్ ఆ చిన్న స్టవ్ వెలిగించి, వాళ్లమ్మ కట్టిచ్చిన పొట్లం విప్పి నిజంగానే చాయ్ పెట్టాడు.

సైటు తెరవలేదు.

అక్టోబర్ 9

పెద్దమ్మకి ఇద్దరం కలిసి చెప్పాం. వేరే జాతిదట, మందు ఉందట, పెద్ద దవాఖానలో ఎక్కిస్తారట, జుట్టు ఊడుతుందట, నీరసం వస్తుందట, కానీ నయమయ్యే ఆశ ఉంది అని. విని, ముందు బాలరాజ్ వీపు మీద ఒక్కటి చరిచింది, గిన్ని దినాలు నన్ను మేపినవ్ గదరా అని. తర్వాత నా వైపు తిరిగింది.

"మరి అప్పుడెందుకు గట్ల చెప్పింది, నా ముక్క?"

"సమ్మె వల్ల లేటయింది పెద్దమ్మా. దాంతో సరిగ్గా తెలియలేదు," అన్నాను. వెంటనే వచ్చింది నోటికి. వెతుక్కోనక్కర్లేకుండా వచ్చింది.

పెద్దమ్మ కొడుకు వైపు చూసింది. "నీ సమ్మె నన్నే పట్టుకున్నదిరా," అని నవ్వింది. బాలరాజ్ తల వంచుకుని సిలిండర్ పైపు సర్దుతున్నాడు.

అక్టోబర్ 11

రిపోర్టు మార్చి ఇచ్చాం. మొదటి రిపోర్టు ఎందుకు మారిందో కారణం రాయాలి, పెద్ద దవాఖాన వాళ్లు అడుగుతారు. 'సమ్మె కారణంగా నమూనా ప్రాసెసింగ్ ఆలస్యమై' అని రాశాను. ప్రసన్నకుమార్ గారు సంతకం పెట్టారు. సర్జన్ ఫోన్లో, అవునవును, ఏం సమ్మెనో ఏమో అన్నాడు. అమ్మ అదే అంది. ఎవరూ ఇంకేమీ అడగలేదు. ఈ ఊళ్లో ఇప్పుడు ఎవరూ అడగరు.

కవర్లో పెట్టడానికి బాలరాజ్‌కి ఇచ్చాను. నిలబడి చదివాడు. మడిచి కవర్లో పెట్టాడు.

ఏమీ అనలేదు. అతనూ ఒప్పుకున్నట్టే.

అక్టోబర్ 12

పెద్దమ్మని చేర్చుకున్నారు. రేపు మొదటి మందు. బాలరాజ్ రాత్రికి అక్కడే ఉంటాడు, అన్నం తీసుకెళ్లడానికి ఇంటికి వచ్చాడు. మెట్ల దగ్గర ఎదురుపడ్డాను. ఎలా ఉంది అంటే బాగనే ఉన్నది అన్నాడు. ఏమైనా కావాలా అంటే ఏమొద్దు అన్నాడు.

"ఒస్త మేడం," అన్నాడు.

మా ఇంటి మెట్ల మీద.

అక్టోబర్ 13

పొద్దుటినుంచి ఏ పనీ ముందుకు సాగడం లేదు. రెండు రోజుల క్రితం రాసింది చూశాను. 'ఒప్పుకున్నట్టే.'

ఎవరు చెప్పారు? ఇరవై మూడో తారీఖున కరెంటు ఉంది, మిషన్ ఉంది, నేను ఉన్నాను. ముక్కూ ముఖం తెలియని వాళ్ల గర్భసంచి కోశాను. పెద్దమ్మ సీసా పక్కకి జరిపి పెట్టాను. ఆ సంగతి అతనికి తెలుసు, బ్లాకుల మీద తేదీలు రాసేది నేనే, చదివేది అతను. తెలిసి ఊరుకున్నాడు. వాళ్లమ్మ నవ్వుతూ నీ సమ్మె అంటే తల వంచుకున్నాడు.

ఆ ఊరుకోవడాన్ని నేను నాకు కావలసిన గడిలో వేసుకున్నాను. అది మైనస్సూ కాదు, ప్లస్సూ కాదు. నేను అడగనే లేదు.

మార్చిన రిపోర్టులో ఇంకో లైను మార్చి ల్యాబ్‌లో ప్రింటు తీసి ఇంటికి తెచ్చాను. 'సమ్మె కారణంగా' కొట్టేసి 'ల్యాబ్ డాక్టరు ఆలస్యం చేసినందున' అని. ప్రసన్నకుమార్ గారు ఏమంటారో తెలియదు. పెద్దమ్మ ఏమంటుందో, ఆ నవ్వు మళ్లీ నాకోసం నవ్వుతుందో లేదో అదీ తెలియదు. భయంగా ఉంది.

కింద గేటు చప్పుడైంది. అన్నం కోసం వచ్చినట్టున్నాడు. ఈ కాగితం తీసుకుని వెళ్తున్నాను, అడగడానికి.